ఎత్తిన చేతులు: బాధ, స్వస్థత, విశ్వాసములను గూర్చిన హెబ్రీ వారసత్వము

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా మోషే కొండశిఖరమున చేతులెత్తి నిలిచెననియు, ఆ చేతులు పైకున్నంతవఱకు ఇశ్రాయేలీయులు గెలుచుచు, అవి వాలినప్పుడెల్ల ఓడుచుండిరనియు, తుదకు ఆయన నొక రాతిపై కూర్చుండబెట్టి అహరోను ఒకవైపునను హూరు మఱొకవైపునను ఆదుకొనగా ప్రొద్దుగ్రుంకువఱకు ఆ చేతులు చలింపలేదనియు నిర్గమకాండము చెప్పుచున్నది. ఆ నిశ్చలతకు మూలమున వాడిన హెబ్రీ పదము 'ఎమునా'. విశ్వాసమునకు తరువాత ఆ పదమే పేరయినది. మన తెలుగు దేవాలయములలో ప్రార్థనాంతమున పలుకు 'ఆమెన్' కూడ ఆ ధాతువునుండి పుట్టినదే. ఒక సిద్ధాంతమును మనసులో అంగీకరించుటయే విశ్వాసమని తలచుట నేడు పరిపాటి. ఆ మాట పుట్టినచోట మాత్రము అలసిన యొక ముసలివాని చేతులును, వానిని పట్టుకొన్న ఇద్దఱు తోడివారును కనబడుదురు. బాధయందు లభించు స్వస్థతను గూర్చి క్రైస్తవధర్మము చెప్పినదానికెల్ల మూలము ఆ కొండమీదనే యున్నదని నా దృఢవిశ్వాసము.

స్వస్థతకు హెబ్రీలో 'రఫా' అను ధాతువు కలదు. షూరు అరణ్యమున మూడు దినములు నీరులేక నడచినవారికి దొరకిన నీళ్లు చేదయినందున ఆ స్థలమునకు చేదు అను అర్థముగల 'మారా' యను పేరు కలిగెను. దేవుడు తన్ను స్వస్థపఱచువానిగా చెప్పుకొన్నది ఆ చేదునీటి యొడ్డుననే. ఈ ధాతువు రోగులకే పరిమితము కాదు. పడద్రోయబడిన బలిపీఠమును ఏలీయా బాగుచేసినప్పుడును, కుమ్మరి పాత్రను పగులగొట్టి అది మరల బాగుపడదని యిర్మీయా హెచ్చరించినప్పుడును ఇదియే వినబడును. కావున స్వస్థత యనగా నొప్పి తొలగుట మాత్రమే గాక, విఱిగినది తిరిగి కూడుకొనుట యని ఆ జాతి గ్రహించినది.

క్రీ.పూ. 586లో నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును, దేవాలయమును కాల్చివేయగా ఆ గ్రహింపునకు ఘోరపరీక్ష కలిగెను. విలాపవాక్యములు ఆ బూడిదలోనుండి పుట్టినవి. అందలి ఐదు విలాపములలో మొదటి నాలుగును హెబ్రీ వర్ణమాలలోని 22 అక్షరముల వరుసను అనుసరించును. మూడవదానిలో ఒక్కొక్క అక్షరము మూడేసి మార్లు వచ్చి 66 చరణములగును. గ్రంథమధ్యమున, ఆ మూడవదానిలోనే, ఆశ మొలకెత్తును. ఐదవదానికి 22 చరణములే యున్నను అక్షరక్రమము చెదరిపోవును. దుఃఖము కట్టు తప్పినను లెక్క తప్పలేదు. ఆబ్ మాసపు తొమ్మిదవనాడు యూదులు నేటికిని నేలపై కూర్చుండి దీనిని చదువుదురు. 150 కీర్తనలలో మూడవవంతునకు మించి ఆర్తనాదములే యైనను ఆ గ్రంథమునకు హెబ్రీలో 'స్తుతులు' అని పేరుండుటయు, ఓదార్పు లేక చీకటిలోనే ముగియు 88వ కీర్తనను సైతము దానినుండి తొలగింపకుండుటయు గమనింపదగినవి. దేవునితో మొఱపెట్టుకొనుట అవిశ్వాసము కాదు, విశ్వాసపు తొలిపలుకు.

యోబును చూడవచ్చిన మిత్రులు ఏడు దినములు నేలపై మౌనముగా కూర్చుండిరి. నోరు విప్పి బాధకు కారణములు చెప్పబూనిన పిమ్మటనే వారు తప్పిరి. సంతాపగృహమున దుఃఖితుడు పలుకకమున్ను పరామర్శకు వచ్చినవారు పలుకరాదను యూదనియమము ఆ కథనుండియే వచ్చినది. యెషయా గ్రంథమునందలి బాధితసేవకుడు మఱియొక మెట్టెక్కెను: ఆతని గాయములు ఇతరులకు స్వస్థత యైనవి.

యేసు ఈ వారసత్వమున పుట్టి పెరిగినవాడు. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ గుంపులో వెనుకనుండి వచ్చి ముట్టినది ఆయన వస్త్రపు చెంగును. ధర్మశాస్త్రము ధరింపుమన్న కుచ్చులుండు చోటది. హెబ్రీలో 'కానాఫ్' అను ఒక్క మాటకే రెక్క యనియు చెంగు అనియు అర్థములు. నీతిసూర్యుని రెక్కలలో ఆరోగ్యమున్నదని మలాకీ చెప్పిన చోట ఆ మాటయే యున్నది. పేతురు అత్తను, యాయీరు కుమార్తెను ఆయన చేయిపట్టి లేపెను. సిలువపై ఆయన మొఱ 22వ కీర్తన మొదటి మాటలే. లేచిన దేహమునను గాయపుగుఱుతులు చెఱగలేదు.

మూడవ శతాబ్దమున తిబెరియలో బోధించిన యోహానాను రబ్బీని గూర్చి తల్మూదు చెప్పు కథ ఈ పరంపరకు సోదరి వంటిది. పదిమంది కుమారులను పోగొట్టుకొన్న ఆయన రోగులయొద్దకు పోయి, ఈ బాధ మీకు ప్రియమా యని అడుగును; బాధయు వద్దు, దాని ఫలమును వద్దని వారనగా చేయి అందిచ్చి లేపును. తాను జబ్బుపడినప్పుడు మాత్రము హనీనా రబ్బీ వచ్చి చేయి ఇయ్యవలసివచ్చెను. ఏలయన బందీ చెఱనుండి తన్ను తాను విడిపించుకొనలేడు.

అప్పటికే యూద, క్రైస్తవ మార్గములు రెండును వేఱగుచుండెను. 144 ప్రాంతమున హెబ్రీ గ్రంథములను త్రోసివేయుమన్న మార్సియనును రోమాసంఘము వెలివేసినది; గ్రంథము నిలిచెను గాని బంధుత్వము సన్నగిల్లెను. నాల్గవ శతాబ్దమున కైసరయలో బసిలియస్ రోగులకు, దరిద్రులకు ఆశ్రయములు కట్టి కుష్ఠరోగులను కౌగిలించెను. బెత్లెహేములో జెరోము రాత్రివేళ వచ్చు యూదగురువునొద్ద హెబ్రీ నేర్చుకొనెను. కాని మహామారి కాలమున యూదులు బావులలో విషము కలిపిరని క్రైస్తవులు నిందమోపి, 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందలకొలది మందిని దహించిరి. ఎవరి కీర్తనలు పాడి తాము ఓదార్పు పొందిరో వారినే అగ్నిపాలు చేయుటకంటె ఘోరమైన మఱపు వేఱొకటి లేదు. నాజీల చేత అఱువదిలక్షల యూదులు హతులైన పిమ్మటగాని క్రైస్తవలోకపు మనస్సాక్షి పూర్తిగా మేల్కొనలేదు. 1947లో కుమ్రాను గుహలనుండి బయల్వెడలిన, ఏడు మీటర్లకు మించిన యెషయా చుట్ట ఆ బాధితసేవకుని మరల కన్నులయెదుట నిలిపెను. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ యూదులతోగల ఆధ్యాత్మిక బంధమును ప్రకటించెను.

మన ఊళ్లలో రోగి మంచముచుట్టు సంఘస్థులు చేరి ప్రార్థించుట చూచుచునే యున్నాము. జ్వరముచేత నోరు పిడచగట్టి రోగి 'ఆమెన్' అనలేకపోయినను, చేయి పట్టుకొన్నవారు ఆతనికై అందురు. వారెఱుగకయే ఆ క్షణమున అహరోను, హూరులై నిలుతురు; ప్రొద్దు గ్రుంకువఱకు ఆ చేయి వాలదు.