రాగిరేకుపై మంత్రి, బందరు రేవున వర్తకము

పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునందు గొప్పవారి ముఖములను రాగిరేకుపై చెక్కించి, కాగితముపై అచ్చొత్తించుట ఒక ఉన్నత కళగా వర్ధిల్లెను. అందు అగ్రగణ్యుడు రొబేర్ నాంతేయ్. 1658లో ఇతడు రాజాస్థాన చిత్రకారుడయ్యెను. పదునాలుగవ లూయీ మంత్రియగు కోల్బేర్ రూపమును ఇతడు పలుమారులు చెక్కినాడు. ఇరువురును రైమ్స్ నగరమున పుట్టినవారే.

ఉక్కుతో నిత్యసంబంధము గల మన జాముల్, భిలాయి వారికి ఈ పనితనము సులభముగా బోధపడును. సానబట్టిన ఉక్కు ఉలితో రాగిని గీరి, ఆ చాళ్లలో సిరా నింపి, పైని తుడిచి, తడి కాగితమును పరచి గట్టిగా అదుమవలెను. రంగు లేదు. చెంప నునుపు, జుట్టు మెలికలు, మెడపట్టీ తెలుపు, అన్నియు గీతల దట్టమున, పలుచనమున పుట్టవలసినవే. గీత తప్పినచో దిద్దుట బహుకష్టము. ముఖము చుట్టును అండాకారపు చట్రము, దానిపై బిరుదులు, అడుగున వంశచిహ్నము నుంచుట నాటి ఆచారము. కోల్బేర్ వంశచిహ్నము పాము! లాటిను భాషలో పామునకు గల పేరు అతని యింటిపేరును పోలియుండుటయే కారణము.

ఈ మంత్రి పూనికతోనే 1664లో ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ ఏర్పడెను. బందరున దానికి చోటు సంపాదించినవాడు మాత్రము ఇస్ఫహాను నుండి వచ్చిన మార్కారా అను ఆర్మీనియను. 1669లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వద్ద ఇతడు ఫర్మానా సాధించెను. కచేరీ ఉద్యోగులకు తక్కిన కథ వింతగా తోచదు. పైయధికారి కారన్‌తో వైరము ముదిరి, మార్కారా బంధితుడై ఫ్రాన్సునకు పంపబడెను. అచట ఏండ్ల తరబడి కంపెనీతో వ్యాజ్యెమాడవలసి వచ్చెను. నాకు చూడవలెనని తోచు ముఖము ఇతనిదే.

ఇంతకును వారు కోరి వచ్చినది మన అద్దకపు బట్ట. నిజాంపట్నము ప్రాంతపు చిరువేరు ఎరుపు ఉతికినకొలది నిగ్గు తేలును. కోల్బేర్ 1683లో మరణించెను. మూడేండ్లకే, స్వదేశపు పట్టు, ఉన్ని నేతగాండ్రను కాపాడుటకై, ఫ్రెంచి ప్రభుత్వము అట్టి రంగుబట్టలను నిషేధించెను. నిషేధము 1759 వరకు సాగినను, చాటుమాటుగా కొని కట్టుకొనువారికి కొదువ లేకపోయెను. బందరులోని ఫ్రెంచిపేట 1947లో భారతదేశమున కలిసెను.