మసి ఎవరిదో తెలిసిన రోజులు

పూర్వం ఈ ఊరు స్వర్గంలా ఉండేదని ఎవరైనా అంటే నమ్మకు బుజ్జీ. నేను ఉన్నాను కదా, చూశాను కదా. 1962లో పెళ్ళై, నౌపడాలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో బండి మారి, తెల్లారగట్ల టాటానగర్‌లో దిగాను. టెక్కలి వైపు మా పల్లెలో జమ్షెడ్‌పూర్ అని ఎవరూ అనరు, టాటా అంటారు. ఫలానా వాళ్ళబ్బాయి టాటాలో ఉన్నాడంటే పిల్లనిచ్చేసేవారు. స్టేషన్లోంచి బయటికొచ్చేసరికి నా పెళ్ళి చీర అంచు మీద నల్లటి నలకలు. దులిపితే పోలేదు, పులుముకున్నాయి. మా అత్తగారు చూసి, "చేత్తో రాయకే పిల్లా, ఊదాలి" అన్నారు. ఈ ఊళ్ళో నేను నేర్చుకున్న మొదటి పని అదే.

ఆ బొగ్గు ఉండలు కుంపట్లో అలా పైనుంచి విసరకు, నిప్పు కప్పడిపోతుంది. పక్కనుంచి దొర్లించు. ఆఁ, అదీ. వీటిని చెయ్యడం మీ అమ్మకి కూడా రాదు. బొగ్గుపొడి, బంకమట్టి, వార్చిన గంజి కలిపి, నిమ్మకాయంత ఉండలు చుట్టి గోడవార ఎండబెట్టేవాళ్ళం. సాయంత్రం అయిదయ్యేసరికి క్వార్టర్ల లైనంతా ఒకేసారి కుంపట్లు అంటించేది. గడపలోంచి చూస్తే ఎదురింటి తలుపు కనబడేది కాదు. పిల్లలు దగ్గుతూనే ఆడుకునేవారు. మా పక్కింటావిడ అలా దగ్గి దగ్గే పోయింది. కాబట్టి అప్పటి గాలి బాగుండేదని నేను చెప్పను. కార్ఖానా పొగ సగమైతే, మా కుంపట్ల పొగ సగం. గ్యాసొచ్చాక, చిమ్నీలకి దుమ్ము పట్టే యంత్రాలు పెట్టాక గాలి చాలా తేరుకుంది. ఇప్పుడు మీ బాల్కనీలో వడియాలు పెడితే తెల్లగానే ఎండుతున్నాయి. అప్పుడు మసి చుక్క లేని మినపవడియం తినలేదు మేము.

నేను చెప్పేది వేరు. ఆ మసి ఎవరిదో మాకు తెలుసు. ఏ వేళకి వస్తుందో తెలుసు. గాలి మళ్ళిందంటే లైనులో మొదట చూసినామె కేకేసేది, "మసొస్తోంది!" అని. తెలుగులో అరిచినా, హిందీలో అరిచినా, బెంగాలీలో అరిచినా అందరికీ తెలిసేది. అందరం పరుగెత్తి తాళ్ళ మీద బట్టలు లాగేవాళ్ళం. బజారుకెళ్ళినామె బట్టలు ఎవరో ఒకరు తీసి, మడతపెట్టి తమ మంచం మీద ఉంచేవారు. మా లైనులో అటు బెంగాలీ బౌదీ, ఇటు సర్దార్జీ వాళ్ళు, చివరింట్లో ముస్లిములు, చాచీ వాళ్ళు. ఎవరింట్లో ఎన్ని దుప్పట్లున్నాయో, ఏది చిరిగిందో అందరికీ తెలుసు. సిగ్గుపడ్డానికి కూడా వీల్లేని బతుకు. ఆరు, రెండు, పది, ఈ మూడు వేళలకీ భోంపూ మోగేది. ఏ షిఫ్టుకి ఎవరు వెళ్ళారో, ఎవరు ఇంకా తిరిగి రాలేదో లైనంతా లెక్క చూసుకునేది. మీ తాత బి షిఫ్టునుంచి అరగంట ఆలస్యమైతే నాకంటే ముందు బౌదీ వీధిలోకొచ్చి నిలబడేది.

ఇన్ని రకాలవాళ్ళం ఒక్కచోట ఉండాలన్నది పాత మాటే. ఈ ఊరు కట్టకముందే, 1902లో జమ్షెడ్జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశాడట: రోడ్లు వెడల్పుగా ఉండాలి, బేగి నీడనిచ్చే చెట్లు వెయ్యాలి, ఆటస్థలాలు ఉండాలి, గుడికీ మసీదుకీ చర్చికీ చోటు విడవాలి అని. ఆయన ఊరు చూడకుండానే 1904లో పోయారు. సాక్చి అనే పల్లెలో కార్ఖానా లేచింది, 1912లో ఉక్కు వచ్చింది, 1919లో చెమ్స్‌ఫర్డ్ దొర వచ్చి సాక్చికి జమ్షెడ్‌పూర్ అని పేరు పెట్టి వెళ్ళాడు. బిష్టుపూర్‌లో మన ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది కదా, అక్కడ మనవాళ్ళు నవమికి పానకం పంచితే ముందు వరసలో నిలబడేది చాచీ పిల్లలే.

1979 ఏప్రిల్ మాట చెప్పాలి. చెప్పకుండా ఉండడం నాకు నచ్చదు. నవమి ఊరేగింపు ఏ దారిన వెళ్ళాలన్న దగ్గర గొడవ మొదలైంది. వందమందికి పైగా చచ్చిపోయారు. జకీ అన్వర్ అని ఉర్దూలో కథలు రాసేవారు, కరీం సిటీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. గొడవలు వద్దని నిరాహారదీక్ష చేశారాయన. ఆయన్నీ చంపేశారు. మా లైన్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. కానీ ఆ రోజు మసిగాలికి నేను లోపలికి తెచ్చిన చాచీ వాళ్ళ నీలం దుప్పటి మా మంచం మీదే ఉండిపోయింది. వాళ్ళు రాత్రికి రాత్రి నది దాటి మాన్‌గో వైపు చుట్టాలింటికి వెళ్ళిపోయారు. కర్ఫ్యూ తీశాక మీ తాతా నేనూ వంతెన దాటి వెళ్ళి ఇచ్చొచ్చాం. టీ ఇచ్చారు, తాగాం. చాచీ నా చెయ్యి పట్టుకుంది గానీ తిరిగి వస్తామనలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి మనుషులున్న వైపు వాళ్ళు సర్దుకున్నారు. ఆ గీతలు ఈనాటికీ చెరగలేదు. నాకు తెలిసి ఊరు తగ్గడం అక్కణ్ణించే మొదలు. నది పాడవడం తర్వాత సంగతి.

నది అన్నాను కదా. దొముహాని నువ్వు చూసింది సెల్ఫీ తీసుకోడానికి. ఒడిశా నుంచి ఖర్కాయీ, రాంచీ వైపునుంచి సువర్ణరేఖా వచ్చి సోనారి దగ్గర కలిసేది అక్కడే. కార్తీకమాసంలో మేం నలుగురైదుగురం తెల్లవారుజామున రిక్షా కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. నీళ్ళు మోకాళ్ళ లోతులో ఉన్నా అడుగున ఇసుక కనబడేది. అరటిదొన్నెలో దీపం పెట్టి వదిలితే రాళ్ళు తప్పించుకుంటూ కనుచూపు దాటేదాకా వెళ్ళేది. కాస్త కింద ఆదివాసీ ఆడవాళ్ళు చెక్క తట్టలతో ఇసుక కడుగుతుండేవారు. నది పేరులో బంగారం ఊరికే లేదు. నేనొకసారి ఒకామె పక్కన కూర్చుని చూశాను. తట్టలో ఇసుక వేసి, నీళ్ళు తీసుకుని, మణికట్టు తిప్పీ తిప్పీ ఇసుకంతా జారవిడిచింది. చివరికి అడుగున నల్లటి మట్టిగీత మిగిలింది. ఆ గీతలో వేలు పెట్టి చూపించింది. నాకేమీ కనబడలేదు. తట్ట ఎండవైపు వంచింది. అప్పుడు మెరిసింది, ఆవగింజలో సగం కూడా లేదు. పొద్దుటినుంచీ కడిగితే అంత. అయినా ఆ తట్ట వంచిన తీరులో ఎంత శ్రద్ధో! ఆ నదిని ఆమె చదివినంతగా ఎవరూ చదివి ఉండరు.

ఇప్పుడక్కడ ఎండాకాలం గుర్రపుడెక్క పరుచుకుంటుంది. పచ్చగా బాగుందని ఫొటోలు తీస్తారు. గుర్రపుడెక్క పెరిగిందంటే నీళ్ళలో మురుగు బాగా ఉందని అర్థం, దానికి ఎరువు అదే. అవతల ఆదిత్యపూర్‌లో 1970ల నుంచి ఫ్యాక్టరీలు పెరిగాయి, ఇవతల మాన్‌గో పెరిగింది. పాత ఊరున్న భూమి అంతా కంపెనీ లీజు, లోపల రోడ్లూ నీళ్ళూ దీపాలూ కంపెనీవి. బయట పెరిగిన ఊరు ఎవరిదీ కాదు. మాన్‌గోలో పొలాలన్నీ ఇళ్ళయ్యాయి, ఇళ్ళన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. వాటి కాలవలు శుద్ధీ గిద్దీ లేకుండా తిన్నగా సువర్ణరేఖలోకి దిగుతున్నాయి. ఇటు లీజు లోపల కూడా ఖాళీ జాగాల్లో బస్తీలు వెలిశాయి. 86 బస్తీలంటారు చూడు, ప్రతి ఎన్నికల్లో వినబడే మాట. 2005లో లీజు మళ్ళీ రాసుకున్నప్పుడు వాటిని లీజులోంచి తీసేశారు. అందులో ఉన్నవాడికి తన ఇల్లు తనదన్న కాగితం మాత్రం రాలేదు. రేపు ఈ గోడ ఉంటుందో లేదో తెలియనివాడు ముందున్న కాలవ ఎందుకు బాగు చేస్తాడు చెప్పు? వాణ్ణి తిట్టి లాభం లేదు.

పనులూ అలాగే అయ్యాయి. మీ తాత రిటైరయ్యే రోజుల్లో టాటా స్టీల్లో 70,000 మందికి పైనే ఉండేవారు. 2000 దాటాక ఓ అయిదేళ్ళకి 40,000 లోపుకి దిగింది. ఉక్కు మాత్రం తగ్గలేదు, పెరిగింది. తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న భరోసా పోయింది. ఠేకా పని వచ్చింది. ఇవాళ ఉంటాడు, రేపు గేటు పాసు ఉండదు. బిష్టుపూర్ రోడ్డు మీద రెండు గంటల షిఫ్టు విడిస్తే సైకిళ్ళ గంటలతో మాట వినబడేది కాదు. అన్ని వేలమంది ఒకే వేళకి ఇంటికెళ్ళి, ఒకే వేళకి తినేవారు. ఇప్పుడు మీ అపార్ట్‌మెంటులో ఒకడు అర్ధరాత్రి వస్తాడు, ఒకడు ల్యాప్‌టాప్ ముందునుంచి లేవడు, ఇంకొకడు ఎక్కడ పనిచేస్తాడో వాడి పక్క ఫ్లాటుకే తెలియదు.

కిందటేడు ఛఠ్ పండక్కి ముందు నేను నది ఘాట్ దగ్గరికి వెళ్ళాను, గుర్తుందా, నువ్వే తీసుకెళ్ళావు. మెట్ల పక్కన పొదల్లో సిగరెట్ ప్యాకెట్ల వెండికాగితాలు, సన్నగా చించి, కింద నల్లగా కాలి ఉన్నాయి. నేను పిల్లలు ఆడుకున్నారనుకున్నాను. నువ్వు తల వంచుకుని, "బ్రౌన్ షుగర్ మామ్మా" అన్నావు. అంత మెల్లగా ఎందుకు చెప్పావో నాకు తెలుసు. నీ స్కూలు స్నేహితుడు ఒకడు ఆ మత్తులో పడ్డాడు కదా. మా లైనులో ఒక కుర్రాడు బీడీ కాలిస్తే సాయంత్రానికి నలుగురు ఆడవాళ్ళు వాడి చెవి మెలేసేవారు. అది మంచి పద్ధతని నేననను. కొన్నిసార్లు మరీ కటువుగా ఉండేది, ఆడపిల్లలకైతే మరీను. ఒక పిల్ల వేరే కులం వాణ్ణి ఇష్టపడితే లైనంతా కలిసి దాని బతుకు నరకం చేసిన రోజులు కూడా చూశాను. కానీ నీ స్నేహితుడు మూడేళ్ళు అలా పాడైపోతుంటే వాళ్ళమ్మకి చెప్పినవాడు ఒక్కడు లేడు. అది నాకు మింగుడుపడదు.

కొండ సంగతి కూడా అంతే. డల్మా మీద ఏనుగులు 1980ల చివర్నించి శీతాకాలంలో దిగి మిడ్నాపూర్ వరిచేల దాకా పోతున్నాయి. అడవిలో కడుపు నిండితే అంత దూరం నడవాల్సిన పనేముంది? పైన చాండిల్ ఆనకట్ట కింద 116 ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళు కొందరు మన సాక్చి బజార్లో సాలాకుల విస్తళ్ళూ, వేపపుల్లల దాతున్లూ, వానాకాలం మొదట్లో రుగ్డాలూ అమ్మేవారు. రుగ్డా అంటే సాల చెట్ల కింద భూమిలో పుట్టే తెల్లటి పుట్టగొడుగు, గోలీకాయంత ఉంటుంది, కొరికితే లోపల టప్‌మంటుంది. అప్పుడు గంపలతో వచ్చేవి, ఇప్పుడు గుప్పెడు కొనాలంటే మాంసం ఖరీదు. కొత్త సంవత్సరం రోజు డిమ్నా లేక్ ఒడ్డున చూడు, ఆ సాలాకు విస్తళ్ళు ఒక్కటి కనబడదు. అన్నీ థర్మోకోల్ పళ్ళాలు, చెంచాలు, సంచులు. ఆ చెరువు తాగే నీళ్ళ కోసం కట్టినది! తాగే నీళ్ళ ఒడ్డున తిని, పళ్ళెం అందులోకే విసిరి, కారెక్కి వచ్చేస్తారు. అందులో చదువుకోనివాడు ఎవడూ ఉండడు.

ఛఠ్ ముందు మాత్రం కుర్రాళ్ళు దిగుతారు. నువ్వూ చూశావు. మోకాళ్ళ లోతు బురదలో నిలబడి గుర్రపుడెక్క లాగి ఒడ్డున పోస్తారు, మెట్లు కడుగుతారు. రెండు రోజుల్లో ఘాట్ తళతళలాడుతుంది. టుసు పరబ్‌కి, అదే మన సంక్రాంతికి, ఆదివాసీలు రంగుకాగితాల చౌడల్‌లు ఎత్తుకుని పాడుకుంటూ అదే దొముహానికి వస్తారు. వాళ్ళకీ నది కావాలి, వీళ్ళకీ కావాలి, మనకీ కార్తీకానికి కావాలి. కావాల్సినవాళ్ళు ఇంతమంది ఉన్న నది ఇలా ఎలా అయిందని అడిగావు కదా ఇందాక. నేను తిరిగి ఒకటి అడుగుతాను. మీ అపార్ట్‌మెంటులో 60 ఫ్లాట్లు ఉన్నాయి. మీ బాత్రూములో నీళ్ళు, మీ వంటింట్లో నీళ్ళు గొట్టంలోకి పోయాక ఎక్కడికి పోతాయి?

తెలియదు. మీ నాన్నకీ తెలియదు, నేనడిగాను. సొసైటీ సెక్రటరీని అడిగితే బిల్డర్ని అడగమన్నాడు, బిల్డరు అమ్ముకుని వెళ్ళిపోయాడు. మాకు మసి ఎక్కణ్ణించి వస్తుందో తెలుసు, మీకు మీ మురుగు ఎక్కడికి పోతుందో తెలియదు. రేపు ఆదివారమే కదా. టిఫిన్ తిన్నాక గేటు వెనక కాలవ ఉంది చూడు, దాని వెంబడే నడు. ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ ఇంకో కాలవ కలిసిందో, చివరికి ఏ ఒడ్డున దిగిందో ఫోన్లో ఫొటో తీసుకో. నేను అంతదూరం నడవలేను, మూడో మలుపు దాకా వస్తాను. తర్వాత ఆ ఫొటోలు సొసైటీ మీటింగులో పెట్టు. అక్కడ ఎవరూ మాట్లాడకపోతే నన్ను పిలువు, నేనొచ్చి అడుగుతాను.