సాబొటాజ్, పితూరి: ఈ పేర్లు పెట్టిందెవరు?

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ధర్నా జరుగుతుంటే మా బస్సు ఆగిపోయింది. చెన్నై–కోల్‌కతా రోడ్డు, హైదరాబాద్–మచిలీపట్నం రోడ్డు కలిసే చోటు కదా, అక్కడ ఆగితే బెజవాడ సగం ఆగినట్టే. నా పక్క సీట్లో పెద్దాయన "ఇదంతా సాబొటాజ్ బాబూ" అని విసుక్కున్నారు. వాళ్లు ఎందుకు రోడ్డెక్కారో ఆయన అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. రూముకొచ్చాక మాత్రం ఆ మాట సంగతేంటో చూద్దామనిపించింది.

ఫ్రెంచ్‌లో 'సాబో' అంటే చెక్కతో తొలిచిన చెప్పు. పల్లె రైతులు, కూలీలు వేసుకునేది. కార్మికులు ఆ చెప్పులు యంత్రాల్లో పడేసి ఆపేశారని, అందుకే సాబొటాజ్ అనే మాట పుట్టిందని చాలామంది చెబుతారు. కథ బాగుంటుంది గానీ ఆధారం లేదు. అసలు ఆ మాటకు చెక్క చెప్పులతో టకటక చప్పుడు చేయడం, పని మొరటుగా చేసి చెడగొట్టడం అని అర్థం. అంటే పేదవాడి చెప్పే చేతకానితనానికి గుర్తయిందన్నమాట. 1897లో తులూజ్‌లో జరిగిన కార్మిక సంఘాల మహాసభలో ఎమిల్ పూజే లాంటివాళ్లు ఆ మాటనే తీసుకుని ఆయుధం చేసుకున్నారు: కూలి సరిగా ఇవ్వకపోతే పనీ అలాగే ఉంటుందని. తర్వాత అది ఇంగ్లీషులోకి వచ్చింది, ప్రభుత్వాల నోట్లో నేరం పేరయింది. మన పేపర్లలో 'విద్రోహ చర్య' అని చదివేది అదే.

ఇలాంటి పేరే మన కొండల మీదా ఒకటి పడింది. అదే 'పితూరి'. అరబీ, పారశీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన 'ఫితూర్' దానికి మూలం. గొడవ, అలజడి అని అర్థం. తెల్లదొరల రికార్డుల్లో 'రంప ఫితూరీ' అని రాశారు.

సరే, ఆ అలజడి మొదలుపెట్టిందెవరు? రంప కొండల్లో మనవాళ్లు తమ చెట్ల కల్లు తామే గీసుకుని తాగేవాళ్లు. ఒకపక్క మన్సబుదారు పన్నులు పెంచాడు. ఇంకోపక్క సర్కారు ఆబ్కారీ చట్టం తెచ్చి, కల్లు హక్కును మైదానపు కాంట్రాక్టర్లకు ఇచ్చింది. అప్పులిచ్చిన షావుకార్లు పంట, పశువులు పట్టుకుపోయారు. పోలీసులు వాళ్ల వైపే నిలబడ్డారు. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య దానికి నాయకులు. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్నే దింపాల్సి వచ్చింది.

1922లోనూ ఇదే వరస. గూడెం తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి మనవాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. అడవిలో పోడు మీద ఆంక్షలు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర ముందు నిలిచి, ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. రికార్డుల్లో అదీ 'పితూరీ'యే.

ఇప్పుడు ఆ మాట ఏమైందో చూడండి. స్కూల్లో "టీచర్ దగ్గర పితూరీలు చెప్తావేంటి" అంటాం. అంటే చాడీలు! ప్రాణాలిచ్చిన పోరాటం పేరు చాడీలకు అంటుకుంది.

అందుకే నాకొకటి అనిపించింది. అలజడి పేరు అందరికీ గుర్తుంటుంది. ముందుగా బతుకు చెడగొట్టిన కల్లు కాంట్రాక్టుకు, ఎగ్గొట్టిన కూలికి మాత్రం పేరుండదు. గ్రూప్స్ పరీక్షలో 'రంప పితూరి' అని వస్తే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ కారణాలు ముందు రాయండి. ఈసారి ఊరెళ్తే మీ తాతని, అవ్వని అడగండి, మన భాషలో ఆ పోరాటాన్ని ఏమని చెప్పుకునేవాళ్లో. తెలిస్తే కింద రాయండి. నేనూ బెంజ్ సర్కిల్‌లో ఈసారి బస్సు ఆగితే, దిగి వెళ్లి ఎందుకో అడుగుతాను.