రాగి చెంబు, పదమూడవ క్రోమోజోము

రాగి చెంబులో నీళ్ళు తాగితే ఒంటికి మంచిదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు. లోకంలో సుమారు 30,000 మందిలో ఒకరికి మాత్రం ఆ రాగే విషం. ఆ జబ్బు పేరు విల్సన్ వ్యాధి. సాఫ్ట్‌వేర్ వాడికి కాలేయం సంగతులెందుకని అడగకండి. తప్పు ఎక్కడుందో ఎనభై ఏళ్ళు వెతికి పట్టుకున్న కథ ఇది, డీబగ్గింగ్ మీద బతికేవాడికి నచ్చకుండా ఎలా ఉంటుంది?

1912లో లండన్‌లో కినియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. పడుచు వయసులోనే చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం. చనిపోయాక చూస్తే మెదడులో ఒక భాగం పాడై ఉండేది, కాలేయం గట్టిపడి ముడులు కట్టి ఉండేది. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ వస్తోందని గమనించాడు కానీ, వంశపారంపర్యం కాదన్నాడు. ఏదో విషపదార్థం కారణమనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. తల్లిదండ్రులు ఆరోగ్యంగా తిరుగుతుంటే పిల్లలకి సంక్రమించిందని ఎలా అనుకుంటాడు? విషం అన్న మాట మాత్రం నిజమే అయింది.

మరుసటి ఏడే, 1913లో, జర్మనీలో రుంపెల్ ఒక రోగి కాలేయంలో రాగి ఎక్కువగా ఉందని చూపించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1948లో లండన్‌లో కమింగ్స్ మెదడులోనూ కాలేయంలోనూ రాగిని కొలిచే వరకూ ఆ సంగతి అలాగే పడి ఉంది. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమిన్ అనే మందు ఆ రాగిని మూత్రంలోకి పంపగలదని చూపించాడు. రోగికిచ్చే ముందు తానే మింగి చూశాడట! 1960లో న్యూయార్కులో అలెగ్జాండర్ బెర్న్ 30 కుటుంబాలను పరిశీలించి, ఇది అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుందని రూఢి చేశాడు. అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు వస్తేనే రోగం. ఒకటే ఉన్నవాళ్ళు ఏమీ తెలియకుండా బతికేస్తారు.

1985లో ఆ జన్యువు 13వ క్రోమోజోము మీద ఉందని తేలింది. ఆ ఆధారం ఇచ్చింది దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన ఇజ్రాయెల్‌లోని ఒక అరబ్బు వంశం. 1993లో జన్యువే దొరికింది. దాని పేరు ఏటీపీ7బి. కాలేయంలో మిగిలిపోయిన రాగిని పైత్యరసంలోకి తోసే పంపు తయారీకి అదే నమూనా. ఐరోపాలో ఎక్కువగా కనిపించే లోపంలో మారింది ఒక్క అక్షరమే.

దగ్గరి పెళ్ళిళ్ళంటే మన మేనరికాలు గుర్తుకు రావూ? ఇక్కడి డాక్టరు 'మీ దంపతులిద్దరూ బంధువులా?' అని అడిగితే మనవాళ్ళు కాస్త తడబడతారు. తడబడకుండా చెప్పాలి. 30,000లో ఒకరన్న లెక్కతో గుణించి చూస్తే, మేనమామ కూతుర్ని చేసుకున్నప్పుడు బిడ్డకి ఈ రోగం వచ్చే అవకాశం సుమారు 12 రెట్లు పెరుగుతుంది. అక్క కూతురైతే 20 రెట్లు దాటుతుంది. అయినా అది వెయ్యికి ఒకటి లోపే కాబట్టి హడలిపోనక్కరలేదు. వంశంలో ఇదివరకే రోగం ఉన్నచోట మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఇంట్లో ఒకరికి బయటపడితే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టే. లక్షణాలు లేకపోయినా వాళ్ళందరికీ పరీక్ష చేయించాలి. ముందే తెలిస్తే పెనిసిలమిన్, ట్రైయెంటిన్, జింకు వంటి నోటితో వేసుకునే మందులతో కాలేయాన్నీ మెదడునీ కాపాడుకోవచ్చు. అవి జీవితాంతం వాడాలి, మధ్యలో మానకూడదు.