దివిసీమ ఉప్పెన – మన ఇంటి ముందుజాగ్రత్త

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. కోస్తా జిల్లాలవారికి తుపానుల చరిత్ర కూడా ఒకటున్నది. నా ఉద్యోగకాలంలో ఎక్కువభాగం దానితోనే గడిచింది కనుక దానినే ఎంచుకున్నాను.

1977 నవంబరు 19, శనివారం నాడు పెనుతుపాను కృష్ణాజిల్లా దివిసీమను తాకింది. గాలికంటె నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. కోడూరు, నాగాయలంక ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. మృతులు సుమారు 10,000 మంది అని లెక్క. అంతకంటె చాలా ఎక్కువేనని చెప్పేవారూ ఉన్నారు. తుపాను హెచ్చరిక రేడియోలో రాకపోలేదు. తుపానంటే గాలీ వానా అనే జనం అనుకున్నారు, తలుపులు బిగించుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. పోదామన్నా చాలా ఊళ్లలో తలదాచుకునేందుకు గట్టి కట్టడమే లేదు. తాటిచెట్లను కరుచుకుని బతికినవారున్నారు.

ఆ తరువాతనే తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి. ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు కూడా వచ్చింది. 1990 మే 9న ఇంచుమించు అదే తీరానికి అంతటి తుపానే వచ్చింది. లక్షలాది మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. అదీ తక్కువ కాదు గాని, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన ప్రభుత్వోద్యోగులను తిట్టేవారు ఈ లెక్క మాత్రం చెప్పరు!

అయితే 1996 నవంబరు 6న కోనసీమలో మళ్లీ వెయ్యిమందికి పైగా పోయారు. ఇళ్లు కూలి, చెట్లు పడి చనిపోయినవారు ఎందరో. మట్టిగోడల ఇంట్లో ఉన్నవాడు గాలి మొదలయ్యాక కాదు, అంతకు ముందే లేచి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

సహాయ జాబితాలు రాసిన గుమాస్తాగా మరొక సంగతి చూశాను. ప్రాణం దక్కినా కాగితం దక్కనివారి అవస్థ వేరు. ఊరందరికీ అరువిచ్చిన కిరాణా వర్తకుడొకాయన ఖాతా పుస్తకం నీళ్లపాలయింది. ఎవరి బాకీ ఎంతో రుజువు చేయలేక, ఇచ్చినవారి దగ్గర ఇచ్చినంత పుచ్చుకున్నాడు. దుకాణదారులు ఖాతాకు నకలు మరోచోట ఉంచాలి. సరుకు నేలమీద కాక బల్లల మీద పెట్టాలి. భీమా కాగితం దుకాణంలోనే పెట్టి లాభం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు లేక, ఫోన్లు మూగబోయి, ఏటీఎంలు పనిచేయక రోజులు గడిచాయి. పాలపాకెట్టుకు ఎంత అడిగితే అంత ఇచ్చారు. బ్యాంకులో డబ్బున్నా చేతిలో రూపాయి లేని స్థితి మన వయసువారికి చాలా కష్టం.

అందుకని మూత బిగువైన డబ్బా ఒకటి పెట్టుకోండి. అందులో పీపీఓ, బ్యాంకు పుస్తకం, ఆధార్, ఇంటి దస్తావేజు నకళ్లు, కొంత చిల్లర నోట్లు, బీపీ, షుగరు మాత్రలు పదిహేను రోజులకు సరిపడా ఉండాలి. మందుల చీటీ మరువకండి. మరో నకలు వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. తాగేనీరు బిందెల్లో ముందే పట్టుకోవాలి, కరెంటు పోయాక మోటారు ఆడదు.

మా ఇంట్లో ఏటా అక్టోబరు మొదటివారంలో ఆ డబ్బా తెరిచి చూస్తాం. మాత్రల గడువు దాటి ఉండడం, టార్చిలైటు బ్యాటరీలు కారి ఉండడం మామూలే. ఆ పూటే కొత్తవి తెప్పిస్తాం.