మార్క్ జియోర్డానో: డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని డిఫెండర్

కెనడాకు చెందిన ఐస్ హాకీ క్రీడాకారుడు మార్క్ జియోర్డానో ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, 18 సీజన్లు ఆడారు. 1,148 లీగ్ మ్యాచ్‌లలో 158 గోల్స్ చేసి, మరో 419 గోల్స్‌కు సహచరులకు పక్‌ను అందించారు. 2019లో లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెండర్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీని అందుకున్నారు. కాల్గరీ ఫ్లేమ్స్ జట్టుకు ఎనిమిది సీజన్లు, కొత్తగా ఏర్పడిన సియాటిల్ క్రాకెన్ జట్టుకు తొలి సీజన్‌లో సారథ్యం వహించారు. ఇంతటి ఆటగాడిని యువకుల ఎంపిక ప్రక్రియ అయిన డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టు కూడా తీసుకోలేదు.

ఈ ఆట మన దేశంలో లదాఖ్, హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి వంటి మంచు ప్రాంతాలకే ఎక్కువగా పరిమితం కనుక కొంత వివరణ అవసరం. దాదాపు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు మైదానంపై ఒక్కో జట్టు నుంచి ఆరుగురు ఆడతారు. వారిలో ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెండర్లు, ఒకరు గోల్‌కీపర్. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. గోల్ చేసిన వారికీ, దానికి పక్‌ను అందించిన వారికీ చెరొక పాయింటు లభిస్తుంది. ప్రత్యర్థి దాడిని అడ్డుకోవడం డిఫెండర్ మొదటి విధి. అయితే పక్ చేజిక్కిన మరుక్షణం దాడికి నాంది పలకవలసింది కూడా తరచుగా ఆయనే. అందువల్ల ఈ స్థానంలో వేగం, బలం కన్నా ఆటను చదవగలగడం ముఖ్యం. ఆ నేర్పు అలవడడానికి ఏళ్లు పడుతుంది.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

ఐపీఎల్ వేలంలో డబ్బు పలుకుతుంది, డ్రాఫ్ట్‌లో వంతు పలుకుతుంది. గత సీజన్‌లో వెనుకబడిన జట్లకు ముందు వరుసలో అవకాశం ఇచ్చి, ఒక్కో జట్టు తన వంతు వచ్చినప్పుడు ఒక్కో యువ ఆటగాడి పేరు ప్రకటిస్తుంది. పేరు ప్రకటించిన జట్టుకే అతనితో ఒప్పందం కుదుర్చుకునే హక్కు దక్కుతుంది. ఉత్తర అమెరికా ఆటగాళ్లు సాధారణంగా 18 నుంచి 20 ఏళ్ల మధ్య ఈ పరీక్షకు నిలుస్తారు. ఆ వయసు దాటినా ఎవరూ పిలవకపోతే, ఇష్టమైన ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. చెప్పడానికి అది స్వేచ్ఛే కానీ, ఆచరణలో పిలిచే జట్టు కోసం ఎదురుచూడడమే అవుతుంది.

2003 నాటి డ్రాఫ్ట్‌ను హాకీ నిపుణులు ఈనాటికీ అత్యంత ఫలవంతమైన వాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. తొమ్మిది విడతలలో 30 జట్లు కలిసి 292 మంది పేర్లు ప్రకటించాయి. కాల్గరీ తన తొలి అవకాశాన్ని, మొత్తం మీద తొమ్మిదో స్థానాన్ని, డియోన్ ఫనూఫ్ అనే డిఫెండర్‌కు వెచ్చించింది. 20వ స్థానంలో మినెసోటా జట్టు బ్రెంట్ బర్న్స్‌ను, 49వ స్థానంలో నాష్‌విల్ జట్టు షే వెబర్‌ను తీసుకున్నాయి. 1983 అక్టోబరు 3న టొరంటోలో జన్మించిన జియోర్డానోకు అప్పటికి 19 ఏళ్లు. ఒంటారియో హాకీ లీగ్‌లోని ఓవెన్ సౌండ్ అటాక్ జట్టులో ఒక పూర్తి సీజన్ ఆడి ఉన్నారు. ఆ 292 పేర్లలో ఆయన పేరు లేదు.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ప్రతిభావంతులైన కుర్రాళ్లు 16వ ఏటనే అగ్రశ్రేణి జూనియర్ లీగ్‌లలో చేరి పరిశీలకుల కళ్లలో పడతారు. జియోర్డానో ఆ స్థాయికి చేరేసరికే 19వ ఏట అడుగుపెట్టే సమయమైంది. అప్పటికే పరిశీలకుల జాబితాలు చాలావరకు నిండిపోయి ఉంటాయి. ఓవెన్ సౌండ్‌లో రెండో సీజన్ కూడా ముగిశాక ఆయన టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో వ్యాపార విద్య చదవడానికి సిద్ధపడ్డారు. ఆట అక్కడితో ముగిసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడి ఉండేవారు కాదు.

2004 వేసవి

ఆ సమయంలో కాల్గరీ నుంచి వేసవి శిక్షణ శిబిరానికి ఆహ్వానం వచ్చింది. ఆ సంవత్సరం జూన్‌లోనే కాల్గరీ జట్టు స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో టాంపా బే లైట్నింగ్ చేతిలో ఓడింది. విజేతల పక్షాన మార్టిన్ సెయింట్ లూయీ అనే ఫార్వర్డ్, డాన్ బాయిల్ అనే డిఫెండర్ ఉన్నారు. ఇద్దరినీ ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. పైగా సెయింట్ లూయీ నాలుగేళ్ల క్రితం కాల్గరీ వదులుకున్న ఆటగాడే! శిబిరంలో జియోర్డానో ఆట మెచ్చిన కాల్గరీ యాజమాన్యం ఆయనతో ఒప్పందం చేసుకుంది.

అక్కడి నుంచి దారి నేరుగా సాగలేదు. 2004-05లో యాజమాన్యాలకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య వేతన వివాదం తలెత్తి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. జియోర్డానో రెండో అంచె లీగ్ అయిన అమెరికన్ హాకీ లీగ్‌లో, మొదట లోవెల్ జట్టుకు, మరుసటి ఏడు ఒమాహా జట్టుకు ఆడారు. 2006 జనవరి 30న ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడారు. అదే సంవత్సరం అక్టోబరు 14న సొంత ఊరు టొరంటోలో, టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుపైనే తన తొలి రెండు గోల్స్ చేశారు.

ఆ సీజన్ 48 మ్యాచ్‌లతో ముగిసింది. 2007 వేసవిలో ఒప్పందం గడువు తీరినప్పుడు ఆయన జీవితంలో నిజమైన మలుపు వచ్చింది. కాల్గరీ ప్రతిపాదించినది రెండు అంచెల ఒప్పందం. అంటే పెద్ద జట్టులో ఉంటే ఒక వేతనం, చిన్న లీగ్‌కు పంపితే అంతకన్నా బాగా తక్కువ వేతనం. చోటు ఖాయమన్న హామీ మాత్రం లేదు. డ్రాఫ్ట్‌లో తొలి విడతలో ఎంపికైన ఆటగాడి విషయంలో జట్టు ఓపిక పడుతుంది, ఎందుకంటే ఆ ఎంపిక సరైనదేనని రుజువు కావడం యాజమాన్యానికీ అవసరం. ఆహ్వానంపై వచ్చినవాడి కోసం అలా ఎదురుచూసేవారు ఉండరు.

జియోర్డానో ఆ ప్రతిపాదనను నిరాకరించి రష్యా వెళ్లి మాస్కో డైనమో జట్టులో చేరారు. నాటి పరిస్థితిలో అది సాహసమే. ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోని 23 ఏళ్ల యువకుడు సముద్రాలు దాటి వెళితే తిరిగి పిలుపు వస్తుందన్న నమ్మకం లేదు. భాష తెలియని దేశం, అలవాటు లేని పెద్ద మైదానం. ఐరోపాలో వాడే వెడల్పైన మంచు మైదానంపై డిఫెండర్ తాను నిలవవలసిన చోటును మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో జరిగే స్పెంగ్లర్ కప్‌లో ఆయన కెనడా తరఫున ఆడారు. కెనడా విజేతగా నిలిచింది. 2008 వేసవిలో కాల్గరీ తిరిగి పిలిచింది. ఈసారి ఒప్పందం మూడేళ్లకు కుదిరింది.

సారథిగా

తర్వాతి సీజన్ భుజం గాయంతో మధ్యలోనే నిలిచిపోయింది. 2010 జనవరిలో కాల్గరీ జట్టు ఫనూఫ్‌ను టొరంటోకు బదిలీ చేసింది. 2003లో తొమ్మిదో స్థానంలో ఎంపికైన డిఫెండర్ వెళ్లిపోగా, ఎవరూ ఎంచని డిఫెండర్ ఆ రక్షణ పంక్తికి క్రమంగా ఆధారమయ్యారు. అదే ఏడాది అక్టోబరులో 2 కోట్ల డాలర్లకు పైబడిన ఐదేళ్ల ఒప్పందం ఆయనకు దక్కింది. 2013 మార్చిలో దీర్ఘకాల సారథి జారోమ్ ఇగిన్లా జట్టును వీడారు. సెప్టెంబరులో సారథ్యం జియోర్డానోకు వచ్చింది.

2014-15లో ఆయన ఆట శిఖరానికి చేరింది. 61 మ్యాచ్‌లలో 48 పాయింట్లు సాధించి నోరిస్ ట్రోఫీకి గట్టి పోటీదారుగా నిలిచిన సమయంలో, ఫిబ్రవరి చివర న్యూజెర్సీతో జరిగిన మ్యాచ్‌లో చేతి కండరం తెగింది. సీజన్ ముగిసిపోయింది. 2009 తర్వాత తొలిసారి కాల్గరీ ప్లేఆఫ్‌కు అర్హత సాధించి, వాంకూవర్‌ను ఓడించి రెండో దశకు చేరినప్పుడు సారథి బరిలో లేరు.

ఆ వేసవిలో 4 కోట్ల 5 లక్షల డాలర్ల విలువైన ఆరేళ్ల కొత్త ఒప్పందం కుదిరింది. 32వ ఏట అడుగుపెట్టబోతున్న డిఫెండర్‌కు, పైగా శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్నవాడికి, అంత దీర్ఘకాల ఒప్పందం తగదన్న విమర్శ సహజం. ఆయన సమాధానం మైదానంలో దొరికింది. 2015-16లో మొత్తం 82 మ్యాచ్‌లు ఆడి 21 గోల్స్ చేశారు. ఇక 2018-19 సీజన్ ఆయనదే. 78 మ్యాచ్‌లలో 17 గోల్స్, 57 అసిస్ట్‌లు, మొత్తం 74 పాయింట్లు. ఆ సీజన్‌కు ఒక మచ్చ కూడా ఉంది. మినెసోటా ఆటగాడు మికో కోయివును మోకాలితో ఢీకొన్నందుకు డిసెంబరులో లీగ్ ఆయనపై రెండు మ్యాచ్‌ల నిషేధం విధించింది.

నోరిస్ ట్రోఫీ ఓటింగ్‌లో క్రీడా పాత్రికేయులు అత్యధిక మెజారిటీతో ఆయనను ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన వయసు 35. కాల్గరీ జట్టు చరిత్రలో ఈ ట్రోఫీ అందుకున్న తొలి ఆటగాడు ఆయనే. రెండో స్థానంలో నిలిచినది బ్రెంట్ బర్న్స్, అంటే 2003 డ్రాఫ్ట్‌లో 20వ స్థానంలో ఎంపికైన ఆటగాడు. మూడో స్థానం విక్టర్ హెడ్‌మన్‌ది. 2009 డ్రాఫ్ట్‌లో ఆయనది రెండో స్థానం. ఆ ఏడు కాల్గరీ పశ్చిమ విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. కానీ ప్లేఆఫ్ తొలి దశలోనే కొలరాడో చేతిలో ఐదు మ్యాచ్‌లలో ఓడింది. స్టాన్లీ కప్ ఆయనకు చివరివరకూ అందలేదు.

మైదానం వెలుపల కాల్గరీ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల కోసం చేపట్టిన కార్యక్రమానికి గుర్తింపుగా 2016లో ఎన్‌హెచ్‌ఎల్ ఫౌండేషన్ పురస్కారం లభించింది. 2020లో మార్క్ మెసియే నాయకత్వ పురస్కారం వచ్చింది.

37వ ఏట వచ్చిన డ్రాఫ్ట్

2021లో లీగ్‌లోకి 32వ జట్టుగా సియాటిల్ చేరింది. కొత్త జట్టును నింపడానికి విస్తరణ డ్రాఫ్ట్ అనే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. పాత జట్లు కొద్దిమంది ఆటగాళ్లను మాత్రమే కాపాడుకోగలవు. మిగిలినవారిలో ఒక్కో జట్టు నుంచి ఒకరిని కొత్త జట్టు తీసుకుంటుంది. కాల్గరీ కాపాడుకున్న ముగ్గురు డిఫెండర్లలో సారథి లేరు. వయసు, వేతనం లెక్కలు చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అయినా అది అభిమానులకు మింగుడుపడలేదు. జూలై 21న సియాటిల్ ఆయన పేరు ప్రకటించింది. డ్రాఫ్ట్ అనే మాటతో ఆయన పేరు కలిసి వినిపించడం అదే మొదటిసారి. కాల్గరీకి ఆడిన 949 మ్యాచ్‌లలో ఆయన సాధించిన పాయింట్లు 509.

సియాటిల్ తొలి సారథిగా ఆడిన 55 మ్యాచ్‌లలోనే ఆయన వెయ్యో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ పూర్తయింది. 2022 మార్చిలో టొరంటో మేపుల్ లీఫ్స్ ఆయనను బదిలీపై తీసుకుంది. ఏడాదికి 67 లక్షల డాలర్లకు పైగా పొందిన ఆటగాడు, సొంత ఊరి జట్టులో కొనసాగడానికి ఏడాదికి 8 లక్షల డాలర్ల చొప్పున రెండేళ్ల ఒప్పందానికి అంగీకరించారు. లీగ్ కనీస వేతనానికి అది కొంచెమే ఎక్కువ. జీతాల మొత్తంపై పరిమితి ఉన్న ఈ లీగ్‌లో ఆయన వదులుకున్న ప్రతి డాలరూ మరో ఆటగాడికి పనికి వచ్చింది. 2023 వసంతంలో టాంపా బేను ఓడించిన టొరంటో, 2004 తర్వాత తొలిసారి ప్లేఆఫ్ తొలి దశ దాటింది. రెండో దశలో ఫ్లోరిడా చేతిలో ఓడింది.

అదే సంవత్సరం మార్చిలో ఆయన పేరిట ఒక రికార్డు నమోదైంది. ప్రత్యర్థి గోల్ వైపు కొట్టిన పక్‌కు శరీరాన్ని అడ్డుపెట్టి ఆపడాన్ని బ్లాక్ అంటారు. లీగ్ ఈ లెక్కలు నమోదు చేయడం మొదలుపెట్టాక అత్యధికంగా 1,986 బ్లాక్‌లు చేసినది క్రిస్ రసెల్. ఆ సంఖ్యను జియోర్డానో దాటారు. ఆట మొదలయ్యే ముందు గడ్డకట్టించే పక్ బరువు సుమారు 170 గ్రాములు. బలమైన షాట్‌కు అది గంటకు 150 కిలోమీటర్ల వేగాన్ని మించి వస్తుంది. పాదానికో, మణికట్టుకో తగిలితే ఎముక విరగడం సాధారణం. గోల్ చేసినవారి పేరు మైదానమంతా మార్మోగుతుంది. పక్‌కు అడ్డుపడిన డిఫెండర్ కుంటుకుంటూ వెళ్లి బెంచీపై కూర్చుంటాడు. కొద్దిసేపటికే మళ్లీ బరిలోకి రావాలి. రెండు వేల సార్లు ఆ పని చేసిన దేహం 40వ ఏట కూడా ఈ లీగ్‌లో నిలిచింది.

డ్రాఫ్ట్ కన్ను దాటిపోయిన డిఫెండర్లు లీగ్ చరిత్రలో మరికొందరు ఉన్నారు. స్వీడన్‌లోని కిరూనా గనుల పట్టణం నుంచి 1973లో టొరంటోకు వచ్చిన బోర్యే సాల్మింగ్‌ను కూడా ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. 1996లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందిన తొలి స్వీడన్ ఆటగాడు ఆయనే. సాల్మింగ్ ఆడిన లీగ్ మ్యాచ్‌లు సరిగ్గా 1,148. జియోర్డానో 2023-24లో, లీగ్‌లోకెల్లా పెద్ద వయసు ఆటగాడిగా, టొరంటోకు 46 మ్యాచ్‌లు ఆడారు. దానితో ఆయన లెక్క కూడా 1,148 దగ్గరే నిలిచింది.