చామంతి

చామంతి ఆస్టరేసి కుటుంబానికి చెందిన పూలమొక్క. దీనిని చేమంతి అని కూడా అంటారు. శరదృతువు చివర, అనగా కార్తీక మాసంలో, తెలుగువారి పెరటి తోటలలో ప్రధానంగా కనిపించే పువ్వు ఇదే. పసుపు, తెలుపు, ఎరుపు, ఊదా మొదలైన రంగులలో పూస్తుంది. సీమ చామంతి వేరొక మొక్క.

లక్షణాలు

మొక్క పొదలా పెరుగుతుంది. ఆకులు అంచులలో చీలి, నలిపితే ఘాటైన వాసన వస్తాయి. ఒక పువ్వుగా కనిపించేది నిజానికి అనేక చిన్న పూల సముదాయం. చామంతిని చైనాలో ప్రాచీన కాలం నుండి పెంచుతున్నారు. అక్కడినుండి ఇది జపానుకు చేరింది. పదహారు రేకుల చామంతి జపాను చక్రవర్తి వంశ చిహ్నం.

పూతకాలం

చామంతి పూత రాత్రి నిడివిపై ఆధారపడి ఉంటుంది. తిరువూరు సమీపాన గల నెమలి గ్రామం వంటి ప్రాంతాలలో వేసవి మధ్యలో సుమారు 13 గంటలుండే పగలు డిసెంబరు నాటికి సుమారు 11 గంటలకు తగ్గుతుంది. రాత్రులు పెరిగేకొద్దీ మొగ్గలు తొడుగుతాయి. రాత్రంతా వీధిదీపపు వెలుగు పడే చోట నాటిన మొక్క ఏపుగా పెరిగినా ఆలస్యంగా పూస్తుంది.

శరదృతువు చివర చేయవలసిన పనులు

* నీరు: ఈ కాలంలో ఈశాన్య రుతుపవనాల వలన, తుపానుల వలన వానలు పడతాయి. నీరు నిలిస్తే వేరు కుళ్ళి మొక్క చనిపోతుంది. పాదులో కాలువ తీయాలి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూడాలి. నీటిని పూలపై గాక మొదట్లో పోయాలి.
* ఊతం: పూల బరువుకు కొమ్మలు వంగిపోకుండా వెదురు పుల్లలు నాటి వదులుగా కట్టాలి.
* తలలు తుంచుట: నాటిన నెల రోజులకు చేయవలసిన ఈ పనిని ఇప్పుడు చేయరాదు. చేస్తే మొగ్గలు పోతాయి.
* ఎరువు: మొగ్గలలో రంగు కనిపించగానే నత్రజని ఎరువులు ఆపాలి.
* పురుగులు: పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాలి.

తల్లిమొక్క సంరక్షణ

పూలు అయిపోగానే మొక్కను పీకివేయుట సాధారణంగా జరిగే పొరపాటు. చామంతి బహువార్షికం. పూత ముగిసిన తరువాత కొమ్మలను నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున కత్తిరిస్తే మొదటినుండి పిలకలు వస్తాయి. వేసవిలో వాటిని నీడపట్టున కాపాడి, జూన్, జూలై నెలల్లో వేరుచేసి నాటుకుంటే మరుసటి శరత్తుకు అదే రకం పూలు లభిస్తాయి. విత్తనంతో తల్లిమొక్క గుణాలు యథాతథంగా రావు. కనుక ఇంట్లో తరాలుగా ఉన్న రకం నిలవాలంటే పిలకలను కాపాడుకొనుటే మార్గం.

పూల అమరిక

పూలను ఉదయం ఎండ ఎక్కకముందే కోయాలి. కాడను ఏటవాలుగా కత్తిరించి, నీటిలో మునిగే ఆకులను తీసివేయాలి. ఇత్తడి చెంబులో మూడు లేక ఐదు కాడలను ఎత్తులో తేడా ఉండేట్లు ఉంచితే నిండుగా కనిపిస్తుంది. పొడవైన కాడ చెంబు ఎత్తుకు ఒకటిన్నర రెట్లుంటే చాలు. రోజు విడిచి రోజు నీరు మార్చితే పూలు వారానికి పైగా నిలుస్తాయి. కాడ విరిగిన పూలను వెడల్పాటి పళ్ళెంలో నీటిపై తేల్చవచ్చు. విడిపూలను అరటినారతో గాని, సూదిదారంతో గాని మాలగా కూర్చుతారు. మధ్యలో మరువం చేర్చుట ఆనవాయితీ.

సంస్కృతిలో స్థానం

తెలంగాణలో బతుకమ్మను పేర్చే పూలలో చామంతి ఒకటి. ధనుర్మాసంలో ముంగిట గొబ్బెమ్మలపై బంతి, గుమ్మడి పూలతో పాటు దీనిని ఉంచుతారు. నెమలి గ్రామం వేణుగోపాలస్వామి ఆలయానికి ప్రసిద్ధి. విష్ణ్వాలయాలలో విశేష పూజలు జరిగే ధనుర్మాసం, చామంతి నిండుగా పూచే రోజులు ఒకే కాలంలో వస్తాయి.

ఇవి కూడా చూడండి

* బంతి
* కనకాంబరం
* గొబ్బెమ్మ
* బతుకమ్మ